కంప్యూటరుకు నామకరణం



మన సంఘం గదిలో లినక్సు కంప్యూటర్లు రెండున్నాయి. రెండింటి పేరూ ఒకటే. సభ్యుల జీవన ప్రమాణ పత్రాల కాపీల కోసం పక్క గది నుంచి తెరవబోతే ఏది ఏదో తెలియదు. ఆఫీసులో రెండు ఫైళ్లకు ఒకే నంబరు వేస్తే సూపరింటెండెంటుగారు ఊరుకునేవారా?

పేరు మార్చటం తేలికే. టెర్మినల్ తెరచి ‘సుడో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్’ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదలి కొత్త పేరు వ్రాయాలి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత మాత్రమే చెల్లుతాయి. డెబియన్, ఉబుంటులలో ‘ఈటీసీ’ ఫోల్డరులోని ‘హోస్ట్స్’ ఫైలులో 127.0.1.1 ఎదుట పాత పేరుంటుంది. దాన్నీ దిద్దాలి. లేకపోతే రిజిస్టరులో మార్చి ఇండెక్సులో వదిలేసినట్లే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఈ పేరు మన గదిలోనే ఉండిపోదు. ఎక్కడ వైఫై కలిపినా సాధారణంగా అక్కడి రౌటరుకు తెలిసిపోతుంది. ఉబుంటు వేసేటప్పుడు మన పేరునే కలిపి సూచిస్తుంది. సరేనని నొక్కేయకండి. పి.పి.ఓ. నంబరు, ఇంటిపేరు అసలే వద్దు. మన రెండింటికీ ‘గోదావరి’, ‘తుంగభద్ర’ అని పెట్టి, చీటీలు అంటించమని కార్యదర్శిగారికి వ్రాసి ఇచ్చాను.