గేదెకు గంధకం మోపులోంచి రావాలి, పొట్లంలోంచి కాదు

(రెడ్డిగూడెం ప్రాంత పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రాంతంలో గంధకం అంటే తెలియనివారు ఉండరు. పుష్యమాసం వచ్చేసరికి మామిడి పూతకు వస్తుంది. బూడిద తెగులు రాకుండా లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకం కలిపి చిన్నరసాలకూ బంగినపల్లికీ కొడతారు. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి, రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయిగాని, ఈ పని మాత్రం రెండు వైపులా ఒకటే. మందు కొట్టడం అయిపోయాక సగం మిగిలిన పొట్లం పశువుల పాక చూరులో పెడతారు. దాని కిందే గేదెను కడతారు.

అందువల్లనే కాబోలు, సంఘాలకు వెళ్లినప్పుడల్లా మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు. "పాలిచ్చే గేదెకు గంధకం కావాలంటున్నారు గదండీ, ఆ పొట్లంలోంచే ఒక చెంచాడు కుడితిలో కలిపితే సరిపోదా?" అని. గేదెకు గంధకం కావాలన్న మాట నిజమే. పొట్లంలోది కలపడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. ఈ రెండు సంగతులూ వివరంగా మనవి చేస్తాము.

గంధకం ఎందుకు కావాలి?

గేదె తిన్న గడ్డిని ముందుగా అరిగించేది పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులు. మేతలోని నత్రజనిని తీసుకుని అవి మాంసకృత్తులు తయారుచేస్తాయి. ఆ మాంసకృత్తులే తర్వాత గేదెకు బలమూ, పాలూ అవుతాయి. మాంసకృత్తులలో మెథియోనిన్, సిస్టీన్ అనే భాగాలు గంధకం లేనిదే తయారుకావు. గంధకం తక్కువైతే సూక్ష్మజీవులు పెరగవు, గడ్డిలోని పీచు సరిగా అరగదు. గేదె మేతకు విముఖంగా ఉంటుంది, పాలు తగ్గుతాయి, వెంట్రుక నిగారింపు పోతుంది. కొమ్ముకు, గిట్టకు, వెంట్రుకకు కూడా గంధకం అవసరమే.

ఎంత కావాలి? తేమ తీసివేసి లెక్కకడితే 100 కిలోల మేతలో 200 గ్రాములు ఉంటే చాలు. పాలిచ్చే గేదె రోజుకు 10 కిలోల ఎండు పదార్థం తింటుందనుకుంటే, దానికి 20 గ్రాముల గంధకం కావాలి. మేతలో నత్రజని 10 లేక 12 పాళ్లు ఉంటే గంధకం ఒక పాలు ఉండాలని శాస్త్రజ్ఞులు చెబుతారు.

ఎప్పుడు తక్కువ పడుతుంది?

మొదటిది ఎండాకాలం. తోటల్లో గడ్డి మాడిపోయి, గేదె కేవలం వరిగడ్డి మీద బతికే రోజులవి. వరిగడ్డిలో మాంసకృత్తులూ తక్కువే, గంధకమూ తక్కువే.

రెండవది యూరియా కలిపి మాగవేసిన గడ్డి పెట్టేటప్పుడు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని ఉంది, గంధకం బొత్తిగా లేదు. కనుక అలాంటి గడ్డికి తోడు తెలగపిండో, పప్పుజాతి పచ్చిమేతో తప్పక ఉండాలి. దాణా కర్మాగారంలో 100 గ్రాముల యూరియాకు సుమారు 20 గ్రాముల తేమలేని సోడియం సల్ఫేట్ చేరిస్తే ఈ లెక్క సరిపోతుంది. అది తూకంతో, యంత్రంతో కలిపేవారు చేయవలసిన పని. ఇంట్లో చేత్తో చేయవద్దు.

మూడవది నేల. యూరియా, డి.ఎ.పి. మాత్రమే వేస్తూ పోతే గడ్డికి గంధకం అందదు. 2000 తర్వాతి సంవత్సరాలలో ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు మహబూబ్‌నగర్, నల్గొండ, కర్నూలు జిల్లాల మెట్ట పొలాల మట్టిని పరీక్షించి, గంధకం, జింకు, బోరాన్ కొరత విస్తారంగా ఉందని కనుగొన్నారు. మన మెట్టలోనూ మట్టి పరీక్ష చేయించుకోవడం మంచిది. సింగిల్ సూపర్ ఫాస్ఫేటులో నూటికి 11 పాళ్లు గంధకం ఉంటుంది. అంటే 50 కిలోల బస్తా వేస్తే సుమారు ఐదున్నర కిలోల గంధకం నేలకు చేరినట్లే.

జొన్న మేత సంగతి

లేత జొన్న మేస్తే పశువుకు నాము తగులుతుందని మన పెద్దలకు ఎప్పటినుంచో తెలుసు. లేత జొన్నలో, వానలేక గిడసబారిన జొన్నలో, కోసిన తర్వాత వచ్చే పిలకలలో సయనైడు విషం పుట్టే పదార్థం ఎక్కువగా ఉంటుంది. ఆ విషం కొద్దికొద్దిగా వెళ్తే పశువు కాలేయం దానిని గంధకంతో కలిపి, హాని తక్కువైన పదార్థంగా మార్చి, మూత్రంలో పంపివేస్తుంది. అంటే జొన్న మేసే పశువు ఒంట్లోని గంధకం రోజూ ఈ పనికి ఖర్చవుతూ ఉంటుంది. 1970వ దశకంలో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు జొన్న మేసే గొర్రెలలో ఈ విషయాన్నే పరిశీలించి, అటువంటి పశువులకు గంధకం అవసరం పెరుగుతుందని చెప్పారు.

అయితే గంధకం పెట్టాం గనుక లేత జొన్నలో తోలవచ్చునని అనుకోవద్దు. విషం ఒక్కసారిగా వెళితే కాలేయం తట్టుకోలేదు. ఆయాసం, నురగ, వణుకు వచ్చి పశువు నిమిషాలలో కూలిపోతుంది. పశువైద్యులు అప్పుడు ఎక్కించే మందులలో సోడియం థయోసల్ఫేట్ ఒకటి. అదీ గంధకపు లవణమే. ఆ మందు అందేలోగా గేదె దక్కడం కష్టం కనుక, జొన్న సగం పూతకు వచ్చాకనే కోయండి. ఆకలిగొన్న పశువును జొన్న చేలోకి విడవవద్దు.

ఎక్కువైతే ఏమవుతుంది?

గంధకం మేతలో 100 కిలోలకు 400 గ్రాములు దాటకూడదు. మన గేదె లెక్కలో రోజుకు 40 గ్రాములు. తోట పొట్లంలో నూటికి 80 పాళ్లు గంధకం ఉంటుంది. ఒక గుప్పెడు, అంటే 50 గ్రాములు కుడితిలో పడితే 40 గ్రాములు ఒక్కసారిగా చేరినట్లు. మేతలోని 20 గ్రాములతో కలిపితే 60 అయింది. పెద్దపొట్టలో అది కుళ్లిన గుడ్డు వాసన వచ్చే విషవాయువుగా మారుతుంది. గేదె త్రేన్చి ఆ వాయువునే మళ్లీ పీల్చుకుంటుంది. మెదడు దెబ్బతిని చూపు పోతుంది, తల గోడకు ఆనించి నెడుతుంది, చివరకు లేవలేక పడిపోతుంది. అంతకంటే తక్కువ మోతాదులోనైనా రోజూ ఎక్కువైతే రాగి ఒంటబట్టదు, ఎద సరిగా రాదు. కొన్ని బోర్ల నీటిలో కూడా సల్ఫేట్లు ఉంటాయి, అవీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఇంకొక మాట. పూత మీద కొట్టే గంధకంతోపాటు తేనెమంచు పురుగు మందులు కూడా కొడుతుంటారు. అవి గంధకంకంటే ప్రమాదం. మందు కొట్టిన చెట్ల కింద గడ్డి కోయవద్దు, గేదెను కట్టవద్దు. డబ్బా మీద రాసిన గడువు తీరేవరకు ఆగండి.

గుర్తుంచుకోవలసినవి

1. పచ్చిమేతలో మూడో వంతు పప్పుజాతి ఉండేట్లు చూడండి. మాగాణిలో వరి కోతల తర్వాత పిల్లిపెసర, జనుము, మెట్టలో అలసంద, మామిడి వరుసల మధ్య స్టైలో వేసుకోవచ్చు.

2. దాణాలో తెలగపిండికి చోటివ్వండి. అందులో మెథియోనిన్ బాగా ఉంటుంది.

3. రోజుకు 50 గ్రాముల ఖనిజలవణ మిశ్రమం పెట్టండి. సంచీ మీద గంధకం శాతం చదవండి. నూటికి 2 పాళ్లుంటే దానివల్ల వచ్చేది ఒక గ్రాము మాత్రమే. మిగతాది మేతలోంచే రావాలి.

4. పశుగ్రాసపు మడికి సూపర్ ఫాస్ఫేటు వేయండి.

5. తోట మందులు పాకలోంచి తీసి, తాళం వేసిన చోట పెట్టండి.

6. గేదె తల ఆనించినా, చూపు తప్పినా, నురగ కక్కినా సొంత వైద్యం చేయక వెంటనే పశువైద్యుని పిలవండి. 1962 నంబరుకు ఫోన్ చేయండి. ఏమి తిన్నదో దాచకుండా చెప్పండి.

గడ్డి కోసేది, కుడితి పెట్టేది ఎక్కువగా మన ఇళ్లలోని ఆడవారు. ఈ సమావేశానికి రాలేనివారికి కూడా ఈ మాటలు చేరాలి. సంఘ అధ్యక్షులు, కార్యదర్శులు పై ఆరు విషయాలను పాల కేంద్రం గోడమీద, పాలు పోసేవారికి కనబడేట్లు రాయించవలసిందిగా కోరుతున్నాము. గేదె ఒకటి పోతే ఆ ఇంటికి నెలనెలా వచ్చే పాల డబ్బు నిలిచిపోతుంది. దానిని కాపాడుకోవడానికి ఈ పనులలో ఏదీ పెద్ద ఖర్చు కాదు.