ఒకే తేది – రెండు వర్ధంతులు



మన పెద్దలు పితృకార్యములకును పండుగలకును తిథినే ప్రమాణముగా గొందురు. 1950వ సంవత్సరము డిసెంబరు 15వ తేది శుక్లపక్షమున వచ్చినది. 1952లో అదే తేది బహుళపక్షమున వచ్చినది. పంచాంగమును బట్టి ఆ రెండు దినములకు పొత్తు లేదు. కాని రాజ్యవ్యవహారములు తేదీలతో నడచుచున్నవి గనుక, ఆ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

1950 డిసెంబరు 15 ఉదయమున బొంబాయిలో సర్దారు వల్లభభాయి పటేలుగారు కన్నుమూసిరి. ఐదువందలకు పైబడిన స్వదేశ సంస్థానములను భారతదేశమున జేర్చిన దక్షులు వారు. 1952లో అదే తేది రాత్రి, మదరాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట, పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రము గోరి 58 దినములు నిరాహారదీక్ష సలిపి ప్రాణములు విడిచిరి.

ఇరువురును గాంధీమహాత్ముని యనుయాయులే. పటేలుగారు 1928లో బార్డోలీ రైతులను ముందుండి నడపి సర్దారు అనిపించుకొనిరి. శ్రీరాములుగారు రైల్వే యుద్యోగము వదలి సబర్మతి యాశ్రమము జేరిరి. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి యాలయమున, నాడు హరిజనులనబడిన వారికి ప్రవేశము గోరి యుపవసించిరి.

రాష్ట్రవిషయమున మాత్రము వారి త్రోవలు వేరైనవి. నెహ్రూ, పటేలు, పట్టాభి సీతారామయ్యగార్ల సంఘము 1949లో, దేశైక్యము ముందు, భాషారాష్ట్రములు పిమ్మట అని నివేదించినది. ఆంధ్రులు మదరాసు నగరముపై ఆశ వదలుకొన్నచో వారి కోరిక పరిశీలింపవచ్చుననినది. దేశవిభజన గాయము పచ్చిగా నున్న దినములవి. ఒకరు ఇల్లు కూలకుండ గోడలు నిలుపవలెననిరి. ఒకరు ఆ యింట తనవారికొక గది యుండవలెననిరి. ఇందెవ్వరిని ద్రోహి యనగలము?

తప్పు జాగులోనున్నదని నా యభిప్రాయము. శ్రీరాములుగారు గతించిన పిమ్మట ఆంధ్రదేశమున అలజడి చెలరేగి, పోలీసు కాల్పులలో మరికొందరు మరణించిరి. డిసెంబరు 19న నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రము నేర్పరతుమని ప్రకటించిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా అది వెలసినది. నాలుగు దినములు వెనుకగా పలికిన మాట నాలుగు దినములు ముందుగా పలికియుండిన, ఆ ప్రాణము నిలిచియుండెడిదేమో!

గ్రామములలో తగవులు తీర్చు పెద్దలు మీరు. ఈయవలసినది యని తోచినదానిని, అడుగువాని కంఠములో ప్రాణముండగనే యిండు. ఆ తేది వచ్చినపుడు ఇరువురను స్మరింపుడు. ఈ మాటను గూడ మరువకుడు.