పసుపు దంచు రోకలి - ఊరి సాక్ష్యము

(రామగిరిలో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పెండ్లి నిశ్చయమైన పిమ్మట మన యిండ్లలో జరుగు తొలి శుభకార్యములలో పసుపు దంచుట యొకటి. రోలు కడిగి, రోకలికి పసుపు కుంకుమలు పెట్టి, ఇరుగుపొరుగు ముత్తైదువలను పిలుతురు. వారు పాటలు పాడుచు కొమ్ములు దంచుదురు. తలంబ్రాలకును, మంగళసూత్రపు దారమునకును, వధూవరుల నలుగునకును ఆ పసుపునే వాడుదురు. నేడు అంగడి పొడి తెచ్చుకొనువారు సైతము శాస్త్రమునకైనను అయిదు కొమ్ములు రోట వేయుచున్నారు.

దీని భావమేమి? పసుపు ఒంటికి మేలు చేయునని పెద్దలందురు. ఒంటి మేలు కొరకే యైనచో ఇంటివారే నూరుకొనిన చాలును గదా! ఊరి స్త్రీలను పిలువనేల? ఆ పిలుపులోనే అసలు భావమున్నది. శుభలేఖలు అచ్చువేయని కాలమున రోకటి చప్పుడే శుభలేఖ. రోకలి పట్టిన ప్రతి చేయియు ఆ పెండ్లికి సమ్మతించిన చేయియే, సాక్ష్యము పలికిన చేయియే.

ఒకప్పుడు బంగారు గనులు నడచిన ప్రాంతమిది. అయినను తాళికి బంగారము కొనలేని పేదలు పసుపుతాటికి పసుపుకొమ్ము కట్టి పెండ్లి చేసికొనవచ్చునని మన పెద్దలు చెప్పిరి. ఆ కొమ్మునకు బంగారపు విలువ కలిగించునది ఊరి సాక్ష్యమే.

సాక్ష్యమున్నచోట బాధ్యతయు నుండును. నలుగు పెట్టించుకొను పిల్లకు పదునైదేండ్లే యైనచో ఆ రోకలి పట్టవచ్చునా? 1929 నాటి శారదా చట్టము ఆడపిల్లకు 14 ఏండ్లు నిండవలెననెను. 1978లో ఆ వయస్సు 18 ఏండ్లయ్యెను. 2006 నాటి చట్టము ప్రకారము వధువునకు 18, వరునకు 21 ఏండ్లు నిండవలెను. బాల్యవివాహము జరిపించినవారికి రెండేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చును. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పైగా 18 నిండకముందే పెండ్లియైనవారని తేలినది. దేశమంతట చూచిన ఆ లెక్క 23. చదువు మధ్యలో ఆగుట, శరీరము ఎదుగకముందే కాన్పు, తల్లికిని బిడ్డకును ప్రమాదము - ఇవి దాని ఫలములు.

ముహూర్తమునాడు పెండ్లి ఆపబోయినచో అప్పులు చేసి, బంధువులను పిలిచి, పందిరి వేసిన తండ్రికి అది పరువు సమస్య యగును. పసుపు దంచకముందే పలుకరించినచో ఖర్చును పరువును రెండును నిలుచును. కావున కబురు తెలిసిన నాడే ఒక మహిళా సభ్యురాలిని, అంగన్‌వాడీ కార్యకర్తను వెంటబెట్టుకొని ఆ యింటికి పొండు. జననధ్రువపత్రమో, బడి రికార్డో చూడుడు. మెత్తగా చెప్పుడు. పిల్ల మరల బడికి పోవు మార్గము చూపుడు. వినకున్నచో 1098కు ఫోను చేయుడు. పెండ్లిని నిలిపివేయ నుత్తరువిచ్చు అధికారము న్యాయస్థానమునకున్నది. బాల్యవివాహ నిషేధాధికారికి తోడ్పడుమని పంచాయతీ ఉద్యోగులను ప్రభుత్వము కోరవచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది.

పదునెనిమిదేండ్లు నిండని పిల్ల పెండ్లికి మా ఊరి రోకలి లేవదని ప్రతి పంచాయతీయు తీర్మానించుగాక! వయసు వచ్చి, మనసిచ్చి చేసికొను పెండ్లికి ఊరంతయు కూడి పసుపు దంచుదము గాక!