సొంత మైదానం, పరాయి దేశం



స్పెయిన్ దేశపు తూర్పు తీరానికి దగ్గరగా విల్లారియాల్ అనే చిన్న పట్టణం ఉంది. జనాభా సుమారు 50 వేలు. నేలకూ గోడలకూ పరిచే టైల్స్ తయారీకి ఆ ప్రాంతం పేరుపొందింది. ఆ ఊరి ఫుట్‌బాల్ మైదానానికి కూడా ఆ పరిశ్రమ పేరే పెట్టుకున్నారు, లా సెరామికా అని. అందులో సుమారు 23 వేల మంది కూర్చోవచ్చు. అంటే ఊరు ఊరంతా వస్తే దాదాపు సగం మందికి చోటు దొరుకుతుందన్నమాట. 2025 డిసెంబరులో ఆ ఊరి జట్టు ప్రసిద్ధమైన బార్సిలోనా జట్టుతో సొంత మైదానంలో ఒక లీగ్ మ్యాచ్ ఆడవలసి ఉంది. దాన్ని అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల, ఏడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, అమెరికాలోని మయామీ నగరంలో ఆడించాలని పెద్దలు తలపెట్టారు. కాగితం మీద అది విల్లారియాల్ ఇంటి మ్యాచే. ఇల్లు మాత్రం మరో ఖండంలో ఉంది.

ఒక దేశపు లీగ్ మ్యాచ్‌ను మరో దేశంలో ఆడిస్తే తప్పేమిటి? ఆట అదే, బంతి అదే, ఆటగాళ్ళూ వాళ్ళే కదా? ఈ ప్రశ్న గురించి ఈ పూట కొంచెం ఆలోచిద్దాం.

ముందుగా లీగ్ అంటే ఏమిటో చూద్దాం. 1888లో ఇంగ్లండులో 12 క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ లీగ్‌ను ప్రారంభించాయి. వాళ్ళు పెట్టుకున్న నియమం చాలా సులువైనది. ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టుతోనూ రెండుసార్లు ఆడాలి, ఒకసారి తన ఊళ్ళో, ఒకసారి ఎదుటివారి ఊళ్ళో. ఆ లెక్కన ఒక్కో జట్టుకు 22 మ్యాచ్‌లు వచ్చాయి. ఈనాడు ఇంగ్లండు, స్పెయిన్, ఇటలీ దేశాల అగ్రశ్రేణి లీగుల్లో 20 జట్లు ఉన్నాయి కాబట్టి ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. 19 ఇంట్లో, 19 బయట. సొంత గడ్డ మీద ఆడేవారికి కొంత అనుకూలం ఉంటుందని ఆటలు చూసేవారందరికీ తెలుసు. ఆ అనుకూలాన్ని అందరికీ సమానంగా పంచడమే లీగ్‌లోని న్యాయం. మన ఇళ్ళలో వియ్యంకులు ఒక పండక్కి వీరింటికీ, మరో పండక్కి వారింటికీ వెళ్ళినట్లు, ఇందులో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. విల్లారియాల్ మ్యాచ్ మయామీకి పోతే, మిగిలిన జట్లు విల్లారియాల్ గడ్డ మీద చెమటోడ్చాలి. బార్సిలోనా ఒక్కటే ఆ కష్టం లేకుండా తటస్థ మైదానంలో ఆడుతుంది. రియల్ మాడ్రిడ్ క్లబ్ అభ్యంతరం ఇదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పరాయి దేశపు లీగులో ఆడటం, ఉన్న ఊరి మ్యాచ్‌ను పరాయి దేశానికి తరలించడం, ఈ రెండూ ఒకటి కావు. వేల్స్ దేశంలోని కార్డిఫ్, స్వాన్సీ జట్లు ఎన్నో దశాబ్దాలుగా ఇంగ్లండు లీగుల్లో ఆడుతున్నాయి. మొనాకో జట్టు ఫ్రాన్స్ లీగులో ఆడుతుంది. సరిహద్దుకు ఈవల కాపురముంటూ ఆవలి వారితో చుట్టరికం కలుపుకోవడం మనకు కొత్త విషయం కాదు. ఆ జట్లకు సొంత మైదానం సొంత ఊళ్ళోనే ఉంది. వారాంతాన ఆ ఊరి జనం నడిచివెళ్ళి తమ జట్టును చూసుకుంటారు.

మైదానం దూరమైతే ఏమవుతుందో ఉత్తర ఐర్లండులోని డెర్రీ సిటీ కథ చెబుతుంది. 1970ల తొలినాళ్ళ అల్లర్లలో డెర్రీ పట్టణానికి రావడం క్షేమం కాదని, ఆ జట్టు తన ఇంటి మ్యాచ్‌లను సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని కోల్‌రేన్‌లో ఆడవలసి వచ్చింది. దూరం యాభై కిలోమీటర్లే. అయినా చూసే జనం తగ్గిపోయారు, రాబడి పడిపోయింది. సొంత మైదానానికి తిరిగి వెళ్ళడానికి తోటి క్లబ్బులు ఒప్పుకోకపోవడంతో 1972లో ఆ జట్టు లీగ్ నుంచే తప్పుకుంది. పదమూడేళ్ళ తరువాత, 1985లో, సరిహద్దుకు ఆవలనున్న ఐర్లండు దేశపు లీగులో చోటు దొరికింది. అప్పుడు తమ పాత మైదానం బ్రాండీవెల్‌లోనే మళ్ళీ పోటీలు మొదలయ్యాయి.

అవసరం వచ్చినప్పుడు ఆటను దేశం దాటించిన సందర్భం క్రికెట్‌లో మనకే ఉంది. 2009లో లోక్‌సభ ఎన్నికలు, ఐ.పి.ఎల్. పోటీలు ఒకేసారి రావడంతో పోటీలన్నిటినీ దక్షిణాఫ్రికాకు మార్చారు. అంతకు ముందు ఏడు అట్టడుగున నిలిచిన హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్, ఆ మే 24న జొహాన్నెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్లో బెంగళూరు జట్టును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలుచుకుంది. తెలుగువారి రాజధాని జట్టు గెలిచింది, కానీ ఉప్పల్ మైదానంలో ఆ ఏడాది ఒక్క ఐ.పి.ఎల్. మ్యాచ్ కూడా జరగలేదు. పూర్వం చెరకు తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువారి సంతతి నివసించే డర్బన్ నగరం మాత్రం కొన్ని మ్యాచ్‌లకు వేదికయింది. ఒకరి లోటు మరొకరికి లాభమైందనుకోవచ్చు. అయితే అప్పుడు అన్ని జట్లూ సమానంగా కదిలాయి, ఎవరికీ ప్రత్యేకమైన అనుకూలం లేదు. పైగా వెళ్ళింది అవసరం కొద్దీ.

ఫుట్‌బాల్‌లో జరుగుతున్న ప్రయత్నం వేరు. ఇది వ్యాపారం కోసం. 2008 ఫిబ్రవరిలో ఇంగ్లండు ప్రీమియర్ లీగ్, 38 మ్యాచ్‌లకు తోడు 39వ మ్యాచ్ ఒకటి చేర్చి, దాన్ని విదేశీ నగరాల్లో ఆడిస్తామని ప్రతిపాదించింది. అభిమానులు మండిపడ్డారు. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫీఫా కూడా వద్దన్నది. ఆ ఆలోచన అటకెక్కింది. 2018లో స్పెయిన్ లీగ్, గిరోనా, బార్సిలోనా జట్ల మధ్య మ్యాచ్‌ను 2019 జనవరిలో మయామీలో జరపాలనుకుంది. ఆటగాళ్ళ సంఘం ఎదురు తిరిగింది. లీగ్ మ్యాచ్‌లు ఆయా దేశాల్లోనే జరగాలని ఫీఫా చెప్పింది. చివరకు బార్సిలోనా తప్పుకుంది. తరువాత ఆ మ్యాచ్‌లు ఏర్పాటు చేసే అమెరికా సంస్థ కోర్టుకెక్కింది. 2024లో ఫీఫా ఆ సంస్థతో రాజీపడి, నిబంధనలను పరిశీలించడానికి ఒక బృందాన్ని నియమించింది. మూసిన తలుపు మళ్ళీ ఓరగా తెరుచుకుంది.

2025 అక్టోబరు 6న ఐరోపా ఫుట్‌బాల్ సంఘం యుయెఫా, ఇష్టం లేకుండానే అంటూ రెండు మ్యాచ్‌లకు అనుమతి ఇచ్చింది. ఒకటి మనం చెప్పుకున్న మయామీ మ్యాచ్. రెండోది ఇటలీ జట్లయిన మిలాన్, కోమోల మధ్య ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో. శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవం కారణంగా మిలాన్ మైదానం 2026 ఫిబ్రవరిలో ఖాళీ లేదన్నది అక్కడ చెప్పిన సాకు. పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళ జట్లు పదమూడు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి వెళ్ళి ఆడాలన్నమాట!

అప్పుడు స్పెయిన్ ఆటగాళ్ళు ఒక పని చేశారు. ఆ నెలలోనే ఒక వారాంతపు మ్యాచ్‌లలో, రెఫరీ విజిల్ వేశాక 15 సెకన్ల పాటు కదలకుండా నిలబడ్డారు. నినాదాలు లేవు, గొడవ లేదు. ఆటగాడు ఆడకుండా నిలబడితే ఆట ఏమవుతుందో చూపించారు. ఆ పదిహేను సెకన్లూ టీవీ ప్రసారంలో నిలబడ్డ ఆటగాళ్ళకు బదులు మైదానం బయటి దృశ్యం చూపించారు. అక్టోబరు 21న మయామీ మ్యాచ్ రద్దయింది. ఆ కబురు వెలువడినప్పుడు విల్లారియాల్ జట్టు తన మైదానంలో మాంచెస్టర్ సిటీతో మ్యాచ్ మధ్యలో ఉంది. విరామ సమయంలో ఆ ప్రకటన రావడం అగౌరవమని శిక్షకుడు మార్సెలీనో మండిపడ్డారు. తరలించేటప్పుడూ, రద్దు చేసేటప్పుడూ అడగనిది ఆ ఊరి వారినే. డిసెంబరులో పెర్త్ మ్యాచ్ కూడా రద్దయింది.

రెండో పక్షం వాదన కూడా వినడం ధర్మం. మయామీలోనో పెర్త్‌లోనో ఉన్న అభిమాని టీవీలోనే చూస్తాడు. జీవితంలో ఒక్కసారైనా కళ్ళారా చూడాలనుకోవడం తప్పా? తప్పు కాదు. తరతరాలుగా తెలుగు నేలకు వెలుపల స్థిరపడిన మనకు ఆ ఆరాటం ఎవరూ చెప్పనక్కరలేదు. మన ఊరికి ఒక నాటక సమాజమో, హరికథా భాగవతారో వస్తున్నారంటే మన పెద్దలు బండ్లు కట్టుకుని వెళ్ళేవారు.

దీనికి మన గుడిలోనే ఒక జవాబు ఉంది. గుడిలో రెండు మూర్తులుంటాయి. ఉత్సవ విగ్రహం పల్లకీ ఎక్కి వీధులు తిరుగుతుంది, అవసరమైతే పొరుగూరికీ వెళుతుంది. మూలవిరాట్టు గర్భగుడి దాటి రాదు. మూలవిరాట్టు కదలదు కనుకనే ఉత్సవ విగ్రహానికి అంత విలువ. జట్లు వేసవిలో దేశదేశాలు తిరిగి స్నేహపూర్వక పోటీలు ఆడవచ్చు, ఆడుతున్నాయి కూడా. ఇటలీ, స్పెయిన్ దేశాల సూపర్ కప్ పోటీలు సౌదీ అరేబియాలో జరిగాయి. దూరాన ఉన్న అభిమాని ముచ్చట తీరడానికి అవి చాలు. లీగ్ మ్యాచ్ మాత్రం ఏటేటా సీజన్ టికెట్ కొనుక్కుని, వానలో తడిసి, ఓడినా వదలని ఆ ఊరి జనానిది. మయామీకి వచ్చే సీజన్ టికెట్‌దారుల ప్రయాణ ఖర్చులు మేము భరిస్తామని విల్లారియాల్ క్లబ్ ముందుకు వచ్చింది. మంచిదే. కానీ మంచం పట్టిన తాతగారు, సోమవారం పనికి వెళ్ళవలసిన కార్మికుడు విమానం ఎక్కగలరా?

చివరకు 2025 డిసెంబరు 21న ఆ మ్యాచ్ లా సెరామికాలోనే జరిగింది. బార్సిలోనా 2-0 తేడాతో గెలిచింది. ఊరి జట్టు ఓడిపోయింది. అయితే తమ వాళ్ళ మధ్య, తమ గడ్డ మీద ఓడింది. మళ్ళీ ఇలాంటి ప్రతిపాదన రాదని చెప్పలేం. డబ్బు ఉన్నచోట ఆలోచనలు పుడుతూనే ఉంటాయి. వచ్చిన రోజున, ఆ మ్యాచ్ ఎవరిదని మనం ముందుగా అడగాలి. ఆ తరువాతే దాని ఖరీదు సంగతి.