మేటి ఆటగాడు వెళ్లిన తరువాత

1965 జనవరిలో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరపు బాస్కెట్ బాల్ జట్టువారు తమ ఆటగాళ్లందరిలోను మేటి అయినవానిని ఫిలడెల్ఫియా నగరపు జట్టుకు ఇచ్చివేసినారు. ఇచ్చినది విల్ట్ ఛేంబర్లెన్ అనే ఒక్కనిని. పుచ్చుకొన్నది పాల్ న్యూమన్, కోనీ డీర్కింగ్, లీ షాఫర్ అనే ముగ్గురిని, ఆపైన లక్షా యాభై వేల డాలర్ల రొక్కాన్ని. ఆ ముగ్గురిలో షాఫర్ కొత్త జట్టు తరఫున ఒక్క ఆటయినా ఆడలేదు. తక్కిన ఇద్దరు నేర్పరులే కాని ఛేంబర్లెన్ సరసన నిలిపి చూడదగినవారు కారు. బేరసారాలు తెలిసిన ఏ గృహస్థుడైనా ఈ లెక్క చూచి, శాన్ ఫ్రాన్సిస్కో వారు నిలువునా మోసపోయినారనే అంటాడు. అయినప్పటికిని పది సంవత్సరాలు తిరిగేసరికి ఆ జట్టే ఆ దేశంలో విజేత అయినది. నడుమ ఏమి జరిగినదో మనవి చేస్తాను.

ఆట మన ఉన్నత పాఠశాలల ఆవరణలలో కనపడే ఆటే. పక్షానికి ఐదుగురు. నేలకు పది అడుగుల ఎత్తున ఒక ఇనుప కమ్మి, దానికి వ్రేలాడే వల. పైనుంచి బంతి అందులో పడవలె. ఏడు అడుగులు దాటిన ఛేంబర్లెన్‌కు ఆ కమ్మి, మనకు ఇంటి అటక ఎంత ఎత్తో అంత. 1962 మార్చి 2వ తేదీన హెర్షీ అనే చిన్న పట్టణంలో న్యూయార్క్ జట్టుపై ఆడుతూ అతడొక్కడే వంద పాయింట్లు చేసినాడు. ఆ సీజను మొత్తం మీద ఆటకు సగటున 50.4 పాయింట్లు. ఈ రెండు అంకెలను నేటివరకు మరెవ్వరును దాటలేదు. ఆ రాత్రి అదే జట్టులో ఆల్ ఆటిల్స్ అనే పొట్టి ఆటగాడు ఎనిమిదిసార్లు బంతి విసరి ఎనిమిదిసార్లును బుట్టలో వేసినాడు. వంద పాయింట్ల పక్కన ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? కాని ఆటిల్స్ పేరు శ్రోతలు కొంచెం జ్ఞాపకం ఉంచుకొనవలెనని కోరుతున్నాను.

అప్పట్లో ఆ జట్టు ఫిలడెల్ఫియాలోనే ఉండేది. దాని పేరు వారియర్స్. ఆ వేసవిలోనే దానిని కొన్నవారు దేశానికి ఆ చివరనున్న శాన్ ఫ్రాన్సిస్కోకు తరలించినారు. ఛేంబర్లెన్ కూడ వెంట వెళ్లినాడు. అలెక్స్ హానమ్ అనే శిక్షకుని చేతిక్రింద 1964లో జట్టు 48 ఆటలు గెలిచి తుది పోటీకి చేరి, బాస్టన్ చేతిలో ఓడినది. ఇక వచ్చే ఏడు మనదే అని ఊరివారు అనుకొని ఉంటారు. వచ్చే ఏడు వచ్చినది. ఛేంబర్లెన్ జబ్బుపడి మొదటి ఆటలకు రాలేకపోయినాడు. వచ్చిన తరువాత 38 ఆటలలో సగటున 38.9 పాయింట్లు చేసినాడు. జట్టు మాత్రం వరుసగా ఓడుతూనే ఉన్నది. భవనంలో ప్రేక్షకులు పలచబడినారు. యజమాని ఫ్రాంక్లిన్ మ్యూలీకి ఛేంబర్లెన్ జీతమే మోయరాని బరువుగా కనిపించినది.

ఒక్కడు ఆటకు దాదాపు నలభై పాయింట్లు చేస్తూ ఉండగా జట్టు ఓడుటేమి? ఈ ప్రశ్నకు సమాధానం నా మాటలలో చెప్పవలెనంటే, బంతి ఒక్క చేతికే పోతుందని తెలిసినచోట తక్కిన నలుగురి కాళ్లు నెమ్మదిస్తవి. ఎదుటి పక్షానికి ఎటు చూడవలెనో తెలిసిపోతుంది. తప్పు ఛేంబర్లెన్‌ది అనలేము. బంతి ఇమ్మని అతనికి చెప్పినవారు, ఇచ్చినవారు, అతని అంకెలు చూపి టిక్కెట్లు అమ్మినవారు అందరును ఆ అలవాటులో భాగస్వాములే.

ఆటగాడిని ఇచ్చి ఆటగాడిని పుచ్చుకొనుట ఏమిటి, సంతలో కోడెలా అని మనలో కొందరికి అనిపించవచ్చును. అనిపించవలసినదే. ఆ లీగులో ఆనాడు ఆటగాని ఒప్పందం అతనిని ఒక జట్టుకు కట్టివేసేది. గడువు తీరినంత మాత్రాన తన ఇష్టం వచ్చిన చోటికి పోవు స్వేచ్ఛ అతనికి లేదు. యజమాని మాత్రం తలచుకొన్నప్పుడు అతనిని మరొక ఊరికి పంపగలడు. ఆస్కర్ రాబర్ట్‌సన్ అనే గొప్ప ఆటగాడు సాటివారి తరఫున 1970లో న్యాయస్థానానికెక్కిన మీదట, 1976లో రాజీ కుదిరి ఈ కట్టు కొంత సడలినది. కనుక ఈ కథలో జట్టు బాగుపడినదని సంతోషించేటప్పుడు, ఆ బాగులో కొంత భాగం ఊళ్లు మారవలసివచ్చినవారి ఖర్చు మీద జరిగినదని మరవరాదు.

ఛేంబర్లెన్ పోయిన ఆ సంవత్సరం వారియర్స్ 17 ఆటలు గెలిచి 63 ఓడినది. లెక్కకు ఇంతకంటె అధ్వాన్నం ఉండదు. కాని లెక్కలో పడని విషయం ఒకటి ఆ ఓటములలోనే జరిగినది. జట్టులో నేట్ థర్మండ్ అనే యువకుడు ఉండేవాడు. ఆరు అడుగుల పదకొండు అంగుళాల మనిషి. స్వభావం చేత, శరీరం చేత అతడు సెంటర్ స్థానంలో, అంటే బుట్ట క్రింద నిలిచి ఆడవలసినవాడు. ఆ చోట ఛేంబర్లెన్ ఉండుటచేత అతడు రెండేళ్లుగా ప్రక్కకు ఒదిగి, తనది కాని చోట ఆడుతూ వచ్చినాడు. పెద్ద మర్రి క్రింద మొక్క ఎదగదంటారు గదా! మర్రిని పెకలించిన ఆరు వారాలకు, ఫిబ్రవరి 28న బాల్టిమోర్ జట్టుపై జరిగిన ఆటలో, కమ్మికి తగిలి తిరిగివచ్చిన బంతులను థర్మండ్ ఒక్క పన్నెండు నిమిషాల భాగంలోనే 18 పట్టుకొన్నాడు. అది నేటికిని చెక్కుచెదరని లెక్క. బేరంలో శాన్ ఫ్రాన్సిస్కోకు నిజంగా దక్కినది న్యూమన్, డీర్కింగ్, డాలర్లు కావు. తన ఇంటిలోనే ఉన్న థర్మండ్‌కు ఒక చోటు.

రెండవ లాభం ఓటమి వల్లనే వచ్చినది. ఆ లీగులో ఒక ఏర్పాటు ఉన్నది. కళాశాలలనుండి ఏటా వచ్చే కొత్త ఆటగాళ్లను జట్లు వంతుల ప్రకారం కోరుకొంటవి. అప్పట్లో అడుగున నిలిచిన జట్టుకు ముందు వంతు ఉండేది. ఉద్దేశం మంచిదే: బలవంతుడే ఎల్లకాలం బలవంతుడుగా ఉండరాదని. అయితే ఇందులో ఒక వంకర ఉన్నది. ఎంత ఎక్కువ ఓడితే అంత మంచి యువకుడు దొరికే అవకాశం ఉంటుంది గనుక, ఓటమినే కోరుకొనే యజమానులు ఆ లీగులో తరువాతి కాలంలో తయారైనారు. టిక్కెట్టు కొనుక్కొని వచ్చిన ప్రేక్షకునికి అది న్యాయమని నేను ఎన్నడును అనుకొనలేను. వారియర్స్ ఓడినది మాత్రం నిజంగా చేతకాకనే. వారు 1965లో కోరుకొన్నవారిలో రిక్ బ్యారీ ఒకడు.

బ్యారీ సన్నగా, చురుకుగా, నోరు దురుసుగా ఉండే ఫార్వర్డు. శిక్షార్హపు తప్పు జరిగినప్పుడు దొరికే ఉచితపు విసరును అతడు రెండు చేతులతో మోకాళ్ల నడుమనుంచి పైకి ఎత్తి వేసేవాడు. చూడడానికి చిన్న పిల్లల ఆటవలె ఉండేది; గురి మాత్రం తప్పేది కాదు. చిత్రమేమంటే హెర్షీలో వంద పాయింట్లు చేసిన రాత్రి ఛేంబర్లెన్ కూడ అట్లే విసరి 32లో 28 వేసినాడు. తరువాత అది తనకు నామోషీగా తోచి మానివేసినాడు. బ్యారీకి అటువంటి సిగ్గులు లేవు.

బ్యారీ వచ్చిన మొదటి ఏడు గెలుపులు 17నుండి 35కు పెరిగినవి. రెండవ ఏడు 44. ఆ 1967 వసంతంలో జట్టు తుది పోటీకి చేరినది. ఎదుట ఎవరనుకొన్నారు? ఫిలడెల్ఫియా, అందులో ఛేంబర్లెన్, శిక్షకుడు శాన్ ఫ్రాన్సిస్కో వారు వదులుకొన్న హానమే! అంతకంటె వింత మరొకటి ఉన్నది. హానమ్ చెప్పగా ఛేంబర్లెన్ ఆ ఏడు తన విసరులు తగ్గించుకొని, బంతిని సాటివారికి అందించుట అలవరచుకొన్నాడు. సగటు 24కు దిగినది. జట్టు 68 ఆటలు గెలిచి 13 మాత్రమే ఓడినది. ఇటు శాన్ ఫ్రాన్సిస్కోలో బ్యారీ సగటు 35.6, తుది పోటీలో 40కి పైన, మూడవ ఆటలో ఒక్కడే 55. ఫిలడెల్ఫియా నాలుగు ఆటలు, శాన్ ఫ్రాన్సిస్కో రెండు గెలిచినవి.

అంటే ఏమైనది? బంతి అంతా ఒక్కని చేతిలో ఉండే పద్ధతినుండి బయటపడడానికి ఛేంబర్లెన్‌ను పంపిన ఊరు, రెండేళ్లలో అదే పద్ధతికి మరొక మనిషిని వెతుక్కొన్నది. వెళ్లినవాడు పద్ధతి మార్చుకొన్నాడు, ఉన్నవారు మార్చుకొనలేదు. శాన్ ఫ్రాన్సిస్కో తిరిగి నిలదొక్కుకొన్నదని అప్పటి పత్రికలు సంతోషించి ఉండవచ్చును కాని, నా దృష్టిలో ఇల్లు కట్టుట అప్పటికింకా మొదలు కాలేదు. పాత ఇంటికి వెల్ల వేసినారు, అంతే. ఆ వెల్ల కూడ నిలువలేదు. ఆ వేసవిలోనే బ్యారీ కొత్తగా పుట్టిన మరొక లీగుకు వెళ్లిపోయినాడు. న్యాయస్థానం అతనిని ఒక సంవత్సరం ఆడనివ్వలేదు. తిరిగి వారియర్స్‌కు వచ్చేసరికి 1972. ఈలోగా ఆ జట్టు సముద్రపు పాయకు ఆవల ఉన్న ఓక్లండుకు మారి, గోల్డెన్ స్టేట్ అని పేరు మార్చుకొన్నది.

ఈ రాకపోకలన్నిటి నడుమ కదలకుండ ఉన్నవాడు ఆల్ ఆటిల్స్. 1960లో ఐదవ వంతులో కోరుకొనబడిన ఆటగాడు. అంతకన్న పై వంతులవారు ఎందరో కనుమరుగైనారు. 1970లో, ఇంకా ఆడుతూ ఉండగానే, శిక్షక పదవి కూడ అతని నెత్తిన పెట్టినారు. నల్లజాతివానికి అటువంటి పదవి ఇచ్చుట అప్పట్లో చాల అరుదు.

1974లో యాజమాన్యం మరల ఒక మేటి ఆటగాడిని ఇచ్చివేసినది. ఈసారి థర్మండ్‌ను, షికాగోకు. బదులుగా వచ్చినది క్లిఫర్డ్ రే అనే పేరు పడని సెంటర్, కొంత సొమ్ము, ముందు ఏట ఒక ఎంపిక వంతు. పదకొండు సంవత్సరాలు మోకాళ్లు అరగదీసుకొన్న మనిషికి ఇది కష్టంగా తోచక మానదు. కొత్తగా కళాశాలనుండి వచ్చినవారిలో కీత్ విల్క్స్ అనే మెత్తని యువకుడు, ఫిల్ స్మిత్ ఉన్నారు. ఆ జట్టు ఏమీ సాధించదనే లోకం అనుకొన్నది.

ఆటిల్స్ చేసిన పని చెప్పడానికి సులువు, చేయడానికి కష్టం. ఐదుగురితో సరిపెట్టక ప్రతి ఆటలోను పది మందిని దింపేవాడు. రే అలసితే జార్జ్ జాన్సన్. ఒకరి చేయి ఆడనినాడు మరొకరు. బెంచీ మీద కూర్చున్నవాడు తన వంతు వస్తుందని ఎరుగును గనుక కళ్లు ఆటమీదనే ఉండేవి. బ్యారీ అప్పటికిని సగటున 30.6 పాయింట్లు చేస్తూనే ఉన్నాడు. కాని 1967లో ఆటకు మూడు, నాలుగు బంతులు మాత్రమే సాటివారి గెలుపుకు అందించిన ఆ మనిషే ఇప్పుడు ఆరుకు పైగా అందిస్తున్నాడు. మేటి ఆటగాడు ఉండుట దోషం కాదని, తక్కినవారు అతని నీడలో నిద్రపోవుటే దోషమని నాకు ఇక్కడ తోచుచున్నది.

తుది పోటీకి ముందు మెట్టులో ఎదురైన జట్టు షికాగో. అందులో థర్మండ్! షికాగో మూడు, గోల్డెన్ స్టేట్ రెండు గెలిచి ఉండగా, ఆటిల్స్ మనుషులు షికాగోకే వెళ్లి ఆరవ ఆట గెలిచి, ఏడవది తమ ఊళ్లో 83–79తో దక్కించుకొన్నారు. తుది పోటీలో వాషింగ్టన్. అది ఆ ఏడు 60 ఆటలు గెలిచిన జట్టు. ఓక్లండులోని భవనాన్ని మంచుమీద నాట్యమాడే బృందానికి ముందే ఇచ్చివేసి ఉండుటచేత, వారియర్స్ పశువుల ప్రదర్శనలకై కట్టిన కౌ ప్యాలెస్ అనే పాత భవనానికి పోయి ఆడవలసివచ్చినది. తమ జట్టు తుది పోటీకి చేరునని తమ ఊరివారే నమ్మలేదనుటకు ఇంతకన్న నిదర్శనం కావలెనా! నాలుగు ఆటలకు నాలుగును వారే గెలిచినారు. నాలుగవ ఆటలో ఎదుటివాడు బ్యారీని దురుసుగా పట్టుకొనగా, బ్యారీని కాపాడుటకు ఆటిల్స్ స్వయంగా బరిలోకి దూకి బయటికి పంపబడినాడు. చివరి ఒక్క పాయింటు గెలుపు, 96–95, అతడు బెంచీ మీద లేకుండగానే వచ్చినది. ఆటిల్స్ 2024లో మరణించేవరకు ఏదో ఒక హోదాలో ఆ జట్టుతోనే ఉన్నాడు.

థర్మండ్ 1977లో ఆట మానుకొన్నాడు. విజేత జట్టులో ఉండే యోగం అతనికి పట్టలేదు. తిరిగి శాన్ ఫ్రాన్సిస్కోకే వచ్చి, అక్కడ మాంసం కాల్చి వడ్డించే ఒక భోజనశాల పెట్టుకొని ఏళ్ల తరబడి నడిపినాడు. 2016లో కన్నుమూసినాడు. 42వ సంఖ్య గల అతని చొక్కాను వారియర్స్ వారు ఆటకు స్వస్తి చెప్పించి, తమ భవనపు కప్పుక్రింద వ్రేలాడదీసినారు. అక్కడే 13వ సంఖ్య గల ఛేంబర్లెన్ చొక్కా కూడ ఉన్నది.