కంపమునకు కారణ మెక్కడ?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేను కావ్యములను గూర్చి మాటలాడుదునని మీరు తలచియుందురు. కాని రేడియో సంకేతములచే నడచు చిన్న హెలికాప్టరునకు వచ్చు వణకును గూర్చి మనవి చేయదలచితిని. కారణము మీకు తెలిసినదే. మన ఉత్సవములలో నా మేనల్లుడు తన యంత్రమును ఎగురవేయబోగా, పిల్లలందరు చేరిన పిమ్మట నేనే వలదని ఆపితిని. పిల్లలు చిన్నబోయిరి. మేనల్లుడు రెండు దినములు నాతో మాటలాడలేదు. అందులకు సంజాయిషీ చెప్పుకొనుట నా విధి.

ఇట్టి చిన్న హెలికాప్టరును 1968లో జర్మనీ దేశీయుడగు డీటర్ ష్లూటర్ ఎగురవేసి చూపెను. ఇది ఆటవస్తువే, కాని బొమ్మ కాదు. మావాని యంత్రమునకు పైన రెండు రెక్కలు, తోకకు చిన్న పంకా కలవు. రెక్కలు తిరుగు వలయపు వ్యాసము 1.35 మీటర్లు, నిమిషమునకు 2000 చుట్లు. లెక్కకట్టి చూడగా రెక్క కొన గంటకు 500 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. ఒక రెక్క కొనయందు ఒక్క గ్రాము అధికమైనచో, అది నడిమి ఇరుసును సుమారు 3 కిలోల బలముతో లాగును. చుట్టుచుట్టునకు దిక్కు మారుచు, సెకనుకు 33 మారులు లాగును. అందుచే మరలు వదులగును, కడ్డీలు అలసి విరుగును. ఊడిన రెక్క ఏ పిల్లవానిపై పడునో ఎవరు చెప్పగలరు?

ఆనాడు యంత్రపు తోక నిలువక అటునిటు ఊగుచుండెను. తిరుగుడును పసిగట్టి తోకను నిలుపు జైరో అను పరికరము అందు కలదు. యంత్రము వణకినచో దానికి తప్పుడు వార్త అందును. మేనల్లుడు జైరోదే దోషమని, దాని క్రింద మెత్తని పట్టీని మందముగా అంటించెను. ఊపు కొంత తగ్గెను. “కొంచెము వణకు ఎప్పుడును ఉండును, మామయ్యా” అనెను. అతని మాట కొంత నిజమే. కాని పట్టీ వార్తను మాన్పినది, వణకును మాన్పలేదు.

నాకట్టి అనుభవము కలదు. ఇరువది యేండ్ల క్రిందట నా లెక్కలలో 14 రూపాయల తేడా వచ్చెను. మూడు రాత్రులు వెదకి విసిగి, నా జేబులోని సొమ్ము వేసి మొత్తము సరిపెట్టితిని. మరుసటి యేట అసలు సంగతి బయటపడెను. ఒక ముసలామె కట్టిన పైకము ఖాతాకెక్కలేదు, వేరొకరిది రెండుమార్లెక్కెను. ఆ రెంటి వ్యత్యాసమే 14 రూపాయలు. ఈలోపల పదిమందిలో ఆమెను బాకీదారనిరి. ఆ పాపము నాది. జైరో క్రింది పట్టీని చూడగానే ఆ 14 రూపాయలు గుర్తునకు వచ్చినవి.

మూడవనాడు మేనల్లుడే వచ్చి, “ఎక్కడ వెదకవలెను?” అని అడిగెను. మొదట వణకు జాతిని గుర్తింపవలెను. యంత్రమంతయు పెద్దగా ఊగినచో పై రెక్కల వైపు, సన్నగా జుమ్మని అదిరినచో తోక వైపో మోటారు వైపో అనుమానింపవలెను. తోకపంకా పై రెక్కలకంటె నాలుగైదు రెట్లు వేగముగా తిరుగును. పిమ్మట అన్వయ వ్యతిరేకములు. ఈ గ్రంథాలయమందే నేను చదివిన తర్కసంగ్రహము అన్నంభట్టు రచన. ఆయన మన తెలుగువాడే. ఒకటి ఉన్నప్పుడు రెండవది ఉండుట, అది లేనప్పుడు ఇది లేకుండుట చూచి సంబంధమును తేల్చుకొనవలెనని ఆ శాస్త్రము నేర్పును.

రెక్కలన్నియు విప్పి, యంత్రమును నేలపై కదలకుండ బిగించి మోటారు నడిపితిమి. వణకు లేదు. కావున మోటారు, పళ్లచక్రములు, ఇరుసు నిర్దోషులు. తోకరెక్కలు మాత్రము తగిలించితిమి. అప్పుడును లేదు. మిగిలినవి పై రెక్కలు, వాటిని పట్టియుంచు భాగములు. రెక్కలను తూచితిమి, బరువు సమానము. ఒక్కొక్కదానిని అంచుపై నిలిపి బరువు మధ్యము చూచితిమి, అదియు సమానమే. తుదకు రెండు రెక్కలను కలుపు సన్నని ఉక్కు కడ్డీని ఊడదీసి గాజుపలకపై దొర్లించితిమి. చుట్టున కొకమారు దాని క్రింద వెలుతురు కనబడెను! నెల క్రిందట యంత్రము నేలకు బలముగా తగిలినప్పుడు రెక్కలను మార్చెను గాని, కంటికి తిన్నగా తోచినందున కడ్డీని మార్చలేదు. ఆ వంపు వలన ఒక రెక్క పైగా, ఒకటి క్రిందుగా తిరుగుచుండెను.

క్రొత్త కడ్డీ వేసి, మందపు పట్టీని తీసి పలుచనిది అంటించి, ఎవరును లేని బీడులో ఎగురవేసితిమి. తోక నిలిచెను.

వచ్చు ఆదివారము సాయంకాలము చెరువు వెనుక బీడులో పిల్లలకు ఆ వినోదము జరుగును. అందరును నూరడుగుల దూరమున నిలువవలెను. మేనల్లుడు ఎగురవేయును, గాజుపలకను నేను తెచ్చెదను. సెలవు.