తూలే నడకంతా తాగిన నడక కాదు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. నా తెలుగులో తప్పులు దొర్లితే పెద్ద మనసుతో సర్దుకోండి. కార్యదర్శిగారు వచ్చి, "మాస్టారూ, ప్రతి యేడూ చదువు గురించే చెబుతున్నారు, ఈసారి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను డాక్టర్ని కాను, రోగిని. రోగి చెప్పగలిగింది రోగి చెబుతాడు. మందు రాసేపని డాక్టరుగారిది. ఈ తేడా మొదటే మనవి చేసుకుంటున్నాను.

ఈ సంగతి నలుగురిలో చెప్పవద్దని మా ఇంట్లో అన్నారు. "పెళ్ళికి ఎదిగే ఆడపిల్ల ఉన్నది, మీ జబ్బు ఊరంతా తెలిస్తే ఎవరు వస్తారు?" అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా ఎందుకు చెబుతున్నానో చివరకు మీకే తెలుస్తుంది.

మా అబ్బా ఏలూరు తివాచీ మగ్గం మీద బ్రతికిన మనిషి. యాభై నిండకముందే ఆయన చెయ్యి తప్పడం మొదలైంది. ముడి వేయవలసిన పోగు మీద వేలు పడక పక్క పోగు మీద పడేది. చూపు తగ్గిందన్నారు కొందరు, దిష్టి తగిలిందన్నారు కొందరు. పేరు తెలియని జబ్బుతోనే ఆయన వెళ్ళిపోయారు.

తరువాత మా భాయీజాన్. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో గుమాస్తా పని. బస్తాల మధ్య కాళ్ళు ఎడంగా వేసుకొని తూలుతూ నడుస్తుంటే, "సాయిబుగారు పొద్దున్నే పట్టించేశారు" అని కూలీలు నవ్వేవారు. జన్మలో చుక్క ముట్టని మనిషి మా అన్న. మాట కూడా ముద్దముద్దగా రావడంతో ఆ అనుమానం రూఢి అయిపోయింది. ఒకసారి ఆకివీడు వైపు మా పుఫూ గారింటికి పోయి, చేపల చెరువు గట్టు మీద నడుస్తూ నీళ్ళలో పడ్డాడు. పైకి లాగినవాళ్ళు ముందు నోరు వాసన చూశారు. అదీ భరించాడు. కాని ఒక శుక్రవారం మసీదు మెట్ల దగ్గర మనవాడే ఒకాయన, "ఈ స్థితిలో లోపలికి ఎలా వస్తావు?" అని అడ్డం నిలబడ్డాడు. ఆనాటి నుంచి మా అన్న జుమాకు పోవడం మానుకున్నాడు.

2019లో నా వంతు వచ్చింది. నల్లబల్ల మీద నేను రాసే వరస ఎడమకు పోయేకొద్దీ కిందికి జారిపోసాగింది. పిల్లలు తల వంచి చదువుకునేవారు. అలసట అనుకున్నాను. 2020 డిసెంబరు మొదట్లో మన ఏలూరులో వందలాదిమంది ఉన్నట్టుండి మూర్ఛలతో, కళ్ళు తిరిగి పడిపోయి ఆస్పత్రుల పాలైన సంగతి మీ అందరికీ గుర్తే. రక్తంలో సీసము, నికెల్ కనిపించినవని ఢిల్లీ ఎయిమ్స్ వారు చెప్పారు. నా తూలుడును కూడా ఆ ఖాతాలోనే వేసేశారు. ఒక వైద్యులు బలానికి సూదులు రాసి పంపారు. ఆ సూదులతో ఆరు నెలలు పోయినవి. 2021లో హైదరాబాదు వెళ్ళి తల స్కానింగు, ఆ తరువాత జన్యు పరీక్ష చేయించుకుంటే అసలు పేరు తెలిసింది. అటాక్సియా. అందులో స్పైనో సెరెబెల్లర్ అటాక్సియా, రెండవ రకం.

అటాక్సియా అంటే ఏమిటి? కొల్లేటిలో తాటిదోనె ఎక్కినవారికి సులభంగా తెలుస్తుంది. దోనెలో మనుషులు ఎంత బలవంతులైనా, వెనుక గెడ పట్టుకున్నవాడు అదుపు తప్పితే దోనె అటూ ఇటూ ఊగిపోతుంది. మన తలలో వెనుక భాగాన ఉండే చిన్నమెదడు ఆ గెడ పట్టినవాడు. కాలికి బలం ఉంటుంది, చేతికి బలం ఉంటుంది, బుద్ధి సరిగానే ఉంటుంది. ఎంత దూరం చాపాలి, ఎప్పుడు ఆపాలి అనే లెక్క తప్పుతుంది. అందుకే నడక, రాత, మాట, మింగడం, కళ్ళ కదలిక అన్నీ తడబడతవి. సారా తాగినప్పుడు ఈ చిన్నమెదడు కూడా దెబ్బ తింటుంది గనుక రెండు నడకలూ ఒకటిగా కనబడతవి. చూసేవారి పొరపాటు అక్కడ వస్తుంది.

ఈ రెండవ రకం మన దేశానికి కొత్తదేమీ కాదు. 1971లోనే బొంబాయిలో డాక్టర్ నోషిర్ వాడియా, డాక్టర్ స్వామి కలిసి తొమ్మిది కుటుంబాలలో దీనిని గుర్తించి రాశారు. కళ్ళు మెల్లగా తిరగడం దీని గుర్తు అన్నారు. మా అన్న పిలిస్తే ముందు తల తిప్పేవాడు, కళ్ళు తరువాత వచ్చేవి. దీనికి కారణమైన జన్యువు 1996లో దొరికింది.

ఇక మందుల సంగతి. అన్నిటికంటె ముందు కారణం వెతకాలి. ఎందుకంటే తూలుడు జబ్బుల్లో కొన్ని నయమయ్యేవి ఉన్నవి. బి12 విటమిను తక్కువైనా, బి1 తక్కువైనా, ఇ విటమిను ఒంటికి పట్టకపోయినా, థైరాయిడ్ మందగించినా నడక తప్పవచ్చును. మూర్ఛలకు వాడే ఫెనిటాయిన్ మోతాదు మించినా మనిషి తూలుతాడు. వీటిని త్వరగా పట్టుకుంటే చాలావరకు దారికి వస్తవి. ఆలస్యమైతే కొంత నష్టం మిగిలిపోతుంది. ఇంకొక మాట. ఒక్కసారిగా, నిమిషాల మీద, మూతి వంకర పోయి గాని, మాట పడిపోయి గాని, నిలబడలేక గాని తూలితే అది పక్షవాతం కావచ్చును. తాయెత్తు కోసమో, తెల్లవారడం కోసమో ఆగవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

మా ఇంటి రకాన్ని ఆపే మందు ఈనాటికి లేదు. ఫ్రీడ్రైక్ అటాక్సియా అనే మరొక రకానికి ఒమావెలాక్సలోన్ అనే మందును 2023లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. అది ఆ ఒక్క రకానికే. అప్పుడప్పుడు వచ్చిపోయే అటాక్సియాలో ఒక రకానికి అసిటజోలమైడ్ బాగా పనిచేస్తుంది. మిగిలిన మాకు ఉన్నవి బాధలు తగ్గించే మందులే. కాళ్ళు బిగుసుకుపోతే బాక్లోఫెన్, చెయ్యి వణికితే ప్రొప్రనలాల్ వంటివి రాస్తారు. ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనలాల్ పనికిరాదు. బాక్లోఫెన్ హఠాత్తుగా మానరాదు. నిద్రమత్తు తెచ్చే మాత్రలు తూలుడును పెంచుతవి. కాబట్టి పక్కింటివారికి పనిచేసిందని ఆ చీటీ తెచ్చుకోవద్దు. రంజాన్ నెలలో మాత్రల వేళలు మనకు మనమే సహరీకి, ఇఫ్తారుకు మార్చుకోకుండా, షాబాన్ లోనే డాక్టరుగారిని అడగాలి. రోగికి ఉపవాసంలో సడలింపు ఉన్నదని మీకు నేను చెప్పనక్కరలేదు.

టానిక్కులు, విటమిన్ల గూర్చి ఒక్క సూత్రం చెబుతాను. తక్కువైన దానిని నింపితే మేలు, నిండిన కుండలో పోస్తే పొర్లుతుంది. రక్త పరీక్షలో బి12 తక్కువని తేలితే సూది వేయించుకోండి. ఇ విటమిను లోపం వల్ల వచ్చిన అటాక్సియాకు ఇ విటమినే మందు. కో ఎంజైము క్యూ10 కూడా అంతే, శరీరం దానిని తయారు చేసుకోలేని కొద్దిమందికి అది నిజంగా అవసరం. లోపం లేనివారికి వీటితో నడక బాగుపడుతుందనడానికి గట్టి రుజువు లేదు. పైగా "నరాల బలం" అని అమ్మే బిళ్ళల్లో బి6 ఉంటుంది. అది పెద్ద మోతాదులో చాలాకాలం మింగితే పాదాల నరాలే మొద్దుబారి నడక ఇంకా చెడుతుంది. ఆ ఆరు నెలల సూదుల మీద పోసిన డబ్బుతో మా ఇంట్లో స్నానాల గదికి, వరండాకు ఇనప కమ్మీలు వచ్చి ఉండేవి.

మరి మేలు చేసేది ఏది? కసరత్తు. 2009లో జర్మనీలోను, 2012లో జపానులోను నాలుగు వారాలపాటు క్రమంగా సాధన చేయించి చూస్తే, ఇటువంటి రోగుల నడక, నిలకడ మెరుగైనవని తేలింది. మానేస్తే ఆ ఫలం కొంతకాలానికి తరిగిపోతుంది. తెలియనిదేముంది, పిల్లలు ఎక్కాలు మరిచిపోవడం వంటిదే. నేను ఫజర్ తరువాత గోడ పక్కన నిలబడి అరగంట సాధన చేస్తాను. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడటం, కుర్చీలోనుంచి చేతులు ఊనకుండా లేవడం, గీత మీద మడమకు బొటనవేలు ఆనించి నడవడం. పక్కన మా అమ్మాయి ఉంటుంది. ఒంటరిగా చేయరాదు.

ఇంట్లో కొన్ని మార్పులు చేసుకున్నాము. హవాయి చెప్పులు మానేసి, వెనుక పట్టీ ఉన్నవి తొడుగుతున్నాను. పడక నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా చిన్న దీపం వెలుగుతుంది, ఎందుకంటే చీకట్లో మా నడక మరీ చెడుతుంది. తివాచీ మగ్గం ఇంట పుట్టినవాణ్ణయినా, మడత లేచే తివాచీని నడక దారిలోనుంచి తీసేశాము. వెనుకకు తిరగాలంటే గిరుక్కున తిరగను, నాలుగు చిన్న అడుగులు వేసి తిరుగుతాను. వజూ స్టూలు మీద కూర్చొని చేస్తాను. నమాజు కుర్చీలో కూర్చొని చేస్తాను. టీ గ్లాసు సగమే నింపుతారు.

తిండి దగ్గర మరీ జాగ్రత్త కావాలి. మింగే లెక్క తప్పితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. కాబట్టి నిటారుగా కూర్చొని, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న గుక్కలు తాగాలి. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడరాదు, నవ్వించరాదు. తినేటప్పుడు మాటిమాటికి పొలమారుతుంటే డాక్టరుకు చెప్పాలి. మాట్లాడేటప్పుడు ఒక్కొక్క మాట విడదీసి మెల్లగా పలకాలి. ఈనాడు నేను మీతో మాట్లాడుతున్నది అలాగే. నా మాట పూర్తికాకముందే మీరెవరూ అందుకొని పూర్తి చేయలేదు, అందుకు కృతజ్ఞుణ్ణి.

ఇక పెళ్ళిళ్ళ మాట. మా రకంలో తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం సగం అవకాశం. మగబిడ్డ, ఆడబిడ్డ అనే తేడా లేదు. ఫ్రీడ్రైక్ వంటి మరికొన్ని రకాల్లో తల్లికీ తండ్రికీ లోపం దాగి ఉండి పైకి ఏమీ కనిపించదు. ఇద్దరినుంచీ వస్తేనే బిడ్డకు జబ్బు, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు. చాచా, మాము బిడ్డల మధ్య సంబంధాల్లోను, మన హిందూ సోదరుల మేనరికాల్లోను ఈ రెండో విధం ఎక్కువగా బయటపడుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు. ఇంట్లో ఇటువంటి జబ్బు ఉంటే మాత్రం సంబంధం కుదుర్చుకొనే ముందు అడిగి తెలుసుకోవాలి. హైదరాబాదు నిమ్స్ లో జన్యు వైద్య విభాగం ఉన్నది.

మా పెద్దమ్మాయికి పదిహేడేళ్ళు. ఏ గుర్తులూ లేని చిన్నపిల్లలకు ఈ పరీక్ష చేయరాదని డాక్టర్లు చెప్పారు. పెద్దయ్యాక చేయించుకోవాలో వద్దో తానే తేల్చుకుంటుంది. చేయించుకోమని గాని, మానమని గాని నేను అనను. రేపు సంబంధం వస్తే మాత్రం దాచి పెళ్ళి చెయ్యను. దాచితే ఆ పిల్ల జీవితమంతా భయపడుతూ బ్రతకాలి, మా అన్న జుమాకు రాకుండా దాక్కున్నట్టే. అందుకే ఇంట్లో వద్దన్నా ఈనాడు చెప్పాను. చెప్పమని ముందుగా అన్నది మా అమ్మాయే.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీర్ఘకాల నరాల జబ్బులను చేర్చారు. సదరం శిబిరంలో పరీక్ష చేయించుకొని నలభై శాతం పైన వైకల్యమని సర్టిఫికెట్టు వస్తే, మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి పింఛను నెలకు 6,000 రూపాయలు చేశారు. మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. సిగ్గుపడి మానుకోవద్దు.

చివరగా సంఘానికి నా మనవి రెండే. మసీదులో హౌజు పక్కన ఒక ఇనప కమ్మీ, రెండు స్టూళ్ళు వేయించండి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. రెండవది ఖర్చు లేనిది. ఎవరైనా తూలుతూ ఎదురైతే నోరు వాసన చూడకండి, ముందు చెయ్యి అందించండి. మా భాయీజాన్ వచ్చే శుక్రవారం నాతో వస్తానన్నాడు. మేమిద్దరం ఒకరినొకరు పట్టుకొని నడిస్తే ఇద్దరమూ పడతాము. ఎవరైనా ఒక కుర్రవాడు మధ్యలో నడిస్తే చాలును.

 నా చేతిరాత ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు గనుక, ఈ ప్రసంగాన్ని ముద్రణ నిమిత్తం తెలుగులో శుభ్రంగా రాసిపెట్టింది మా పెద్దమ్మాయి. తప్పులుంటే నావి, అక్షరాలు ఆమెవి.

ఖుదా హాఫిజ్.